పచ్చితోలు కట్టు

తోలు ఎండుతోంది. ఎండుతున్న తోలు చిన్నగా చిటపటమంటుంది, పొయ్యిలో పచ్చిపుల్ల పెట్టినట్టు. ఆ చప్పుడు తన బండి కిందనుంచి ఎనికకు వినపడుతోంది, లేదా వినపడుతున్నట్టు అనిపిస్తోంది. ఇంతమంది ఆడవాళ్ళు బళ్ళెక్కి కేకలు పెడుతుంటే, ఎడ్లు రంకెలు వేస్తుంటే, తోలు చప్పుడు ఎవరికి వినపడుతుంది కనుక. అయినా ఆమెకు తెలుసు. చక్రాలు చేసే మొగుడితో కాపురం చేసినదానికి తోలు సంగతి ఒకరు చెప్పాలా. రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి, పేగులా మెత్తబడ్డాక చుట్టాలి, మోకాలు ఆనించి లాగి ముడివేసి వదిలెయ్యాలి, మిగతా పని ఎండ చూసుకుంటుంది. పొద్దెక్కేసరికి అది తోలు కాదు, కొమ్ము. కత్తి జారిపోతుంది, పంటికి లొంగదు, మళ్ళీ తడిస్తే తప్ప వదలదు. ఈ మాట మతుగెన్ అనేవాడు, చక్రం ముందు గొంతుక్కూర్చుని, ఎవరూ అడక్కపోయినా. చచ్చినవాడి మాటలు ఇలాగే అడక్కుండా వస్తాయి. ఎండ మొహం మీద పడుతోంది, ఎనిక కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని మైదానం చివరకు చూసింది. అడవి అంచున, రెండు గుట్టల మధ్య, రోమనులు కదలకుండా నిలబడి ఉన్నారు.

"ఒసే ఎనికా, ఇదేంటే, పట్టుమని పిడికెడు మంది లేరు!" పక్క బండి మీదనుంచి వెలోరిగ నవ్వుతోంది, బార్లీ కల్లు గిన్నె ఒళ్ళో పెట్టుకుని. "వీళ్ళ కోసమా ఇంత దూరం ఎడ్లను చావగొట్టి తోలుకొచ్చాం?"

పిడికెడే. ఇటు చూస్తే మైదానం నిండా మనవాళ్ళు, నీలిరంగు పూసుకున్న ఒళ్ళు, సున్నం పెట్టి నిక్కబొడిచిన జుట్లు, ఇసక వేస్తే రాలదు. వాళ్ళ వెనక వంపు తిరిగిన బళ్ళ వరస, ఆ కొన నుంచి ఈ కొనదాకా. బళ్ళు కట్టుకుని యుద్ధానికి పోవడం తాతల నాటి ఆచారం. మగాడు కొట్లాడుతుంటే ఇంటి ఆడది చూడాలి, పేరు పెట్టి అరవాలి, ఎవడు ముందుకు పోయాడో ఎవడు వెనకడుగు వేశాడో గుర్తుపెట్టుకుని చలికాలమంతా పొయ్యి చుట్టూ కూర్చుని చెప్పుకోవాలి. చూసిన కళ్ళు లేకపోతే ఎంత శౌర్యమైనా అడవిగాచిన వెన్నెలే. కానీ ఎప్పుడూ బండికీ బండికీ మధ్య సందు వదులుతారు, ఎద్దు పట్టేంత సందు. ఇవాళ వదలలేదు. వదలనివ్వలేదు ఎనిక. తెల్లవారగానే నానిన తోలు తీసుకుని తన చక్రాన్ని వెలోరిగ చక్రానికి కట్టేసింది, తరవాత అవతలివైపు బండికి. ముసలివాళ్ళు వద్దన్నారు. ఎందుకు వద్దు, అని అడిగింది, మీ కొడుకులు వెనక్కి వస్తారని భయమా. ఆ మాటతో ముసలివాళ్ళు పక్కకు తప్పుకున్నారు. ఆడవాళ్ళు ఒకళ్ళను చూసి ఒకళ్ళు నవ్వుతూ కట్టేసుకున్నారు, ఇళ్ళనుంచి తెచ్చి, ఎనికను చూసి రాత్రే నానబెట్టుకున్న తోళ్ళతో. తిత్తుల్లో మిగిలిన తాగే నీళ్ళన్నీ ఆ నానబెట్టడానికే పోయాయి. ఏరు ఎక్కడో వెనక ఉంది. పోనీ, మధ్యాహ్నానికి రోమనుల నీళ్ళే తాగుదాం అన్నారు. ఎనికకు మొదటిసారి నలుగురిలో తల ఎత్తుకున్నట్టయింది. ఈ కట్టు నాది, అనుకుంది, కంటికి ఆనినంత దూరం.

సందు అంటే ఆమెకు పడదు. కొడుకు సైను ఇంకా దూడల వెంట పరుగెత్తే వయసులో, రోమనులు మొదటిసారి వచ్చి కత్తులు అప్పగించమన్నప్పుడు కూడా జనం తిరగబడ్డారు. చుట్టూ మట్టిగోడ కట్టుకుని, ఒక్క ఇరుకు దారి వదిలి, లోపల నిలబడ్డారు. శత్రువు గోడెక్కి దూకాడు. బయటికి పోవడానికి చోటు లేక, తాము కట్టుకున్న గోడకే తగులుకుని లోపలున్నవాళ్ళు చచ్చారు. ఎనిక అన్నలిద్దరూ అందులోనే పోయారు. మతుగెన్ ఇంటికొచ్చాడు, ఒంటి మీద చిన్న గీటు లేకుండా. దండు పెద్దాయన నన్ను పంపాడే, అవతలి ఊరివాళ్ళను పిలుచుకు రమ్మని, ఆ ఇరుకు దారిలోంచి పోయాను, వాళ్ళు రాలేదు, నేను తిరిగి వచ్చేసరికి అయిపోయింది, అన్నాడు. పంపిన పెద్దాయన చచ్చాడు. అవతలి ఊరివాళ్ళను అడిగితే, మా ఊరికి ఎవడూ రాలేదే అన్నారు. ఇంకేం కావాలి. ఊరంతా ఆ గోడను తిట్టింది, ఎనిక మాత్రం ఆ సందును తిట్టింది. పారిపోయి వచ్చినవాడు పొయ్యి దగ్గర కూర్చోకూడదు, గుమ్మం దగ్గర, పొయ్యికి వీపు పెట్టి తినాలి. ఏడాది తిరిగేసరికి ఊళ్ళో అందరూ మరిచిపోయారు, మిగతా ఇళ్ళలో అలాంటివాళ్ళు మెల్లగా జరిగి జరిగి మంట దగ్గరికి వచ్చేశారు. పోనీలేవే, రానియ్యి, అని అత్త కూడా అంది. ఎనిక రానివ్వలేదు. వాన జల్లు గుమ్మంలోంచి పడి అతని గిన్నెలో నీళ్ళు చేరేవి. ఆ నీళ్ళగంజి తాగి, వేళ్ళు నాకి, గిన్నె బోర్లించి పెట్టేవాడు, ఒక్క మాట అనకుండా. అనకపోవడమే ఆమెకు మండేది. మనసులో మచ్చ లేనివాడు ఎదురు తిరగడూ? ఆ గుమ్మం దగ్గరే దగ్గీ దగ్గీ పోయాడు. చివరి రోజు కూడా, మంట దగ్గరికి మోసుకు రండిరా అని ఎవరో అంటే, ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

సైను మాత్రం పొయ్యి దగ్గర కూర్చోవాలి. అంతే, ఆమె దేవతను ఇంకేం అడగలేదు. ఈ యుద్ధానికి జనాన్ని పిలిచిన రాణి తన అంగీ మడతలోంచి శకునం కోసం కుందేలును వదిలి, అది ఎటు పరుగెడుతుందో చూసి జనమంతా హోరెత్తినప్పుడు, రోమనుల కొరడా దెబ్బల మచ్చలు వీపున మోస్తున్న ఆ ఎర్రజుట్టు రాణే తన కూతుళ్ళను వాళ్ళు చెరిచిన సంగతి నోరు విప్పి చెప్పినప్పుడు, అందరూ ఏడ్చారు, ఎనికా ఏడ్చింది, కానీ ఏడుస్తూ అనుకున్నది వేరు. ఈ యుద్ధంలో నా కొడుకు ముందు వరసలో నిలబడాలి, పది ఊళ్ళవాళ్ళు చూడాలి, ఇంటికెళ్ళాక వాడిని పొయ్యికి ఎదురుగా, నా అన్నలు కూర్చున్న చోట కూర్చోబెట్టాలి, ఆ తరవాత చచ్చినా ఫరవాలేదు. వాడు చస్తాడనా, తాను చస్తాననా, ఆలోచించలేదు. కానీ వాడికి వచ్చిన విద్య ఒక్కటే, పరుగు. ఈ కొత్త పెద్దాయన వాడి కాళ్ళు చూసి ముచ్చటపడి తన రథం పక్కన పెట్టుకున్నాడు, కబురు తీసుకుపోవడానికి, కబురు తేవడానికి. కబురు! ఈటె పట్టుకుని నిలబడరా అంటే కబుర్లు మోస్తాడట. తండ్రి పోలిక ఎక్కడికి పోతుంది.

పొద్దున్న వాడి మొహానికి నీలిరంగు పూస్తుంటే దవడ వణికింది. చలి, అన్నాడు. ఎండాకాలం చివర చలేమిటిరా, అని గడ్డం గట్టిగా పట్టుకుని పూసింది, వేళ్ళ అచ్చులు రంగులో దిగేలా.

"అమ్మా, ఒక్క సందు వదలవే. నా కోసం కాదు. జనం ఎక్కువైతే వెనక్కి జరగడానికి చోటుండాలి కదా. పెద్దాయన కూడా అదే అంటున్నాడు."

"మీ నాన్న కొడుకువి అనిపించుకున్నావు."

వాడు తోలు చుడుతున్న ఆమె చేతులవైపు చూసి, ముడి ఇలా కాదు, ఇంకో మడత వెయ్యాలి, నాన్న అలా వేసేవాడు, అని వాడే వంగి సరిచేసి పోయాడు. పిచ్చిముండాకొడుకు. ఆ మడత వేశాక ముడి నిజంగానే రాయిలా బిగిసింది.

వెలోరిగ ఏదో పాట ఎత్తుకుంది, రోమను సిపాయిల మగతనం మీద, చుట్టుపక్కల బళ్ళన్నీ పగలబడి నవ్వుతున్నాయి. ఎనికకు నాలుక పిడచకట్టుకుపోతోంది. తిత్తి పిండింది, చుక్క లేదు. నీళ్ళు. వాళ్ళ భాషలో నీళ్ళను ఏమంటారో ఆమెకు తెలుసు, వచ్చిన మాట అదొక్కటే. కొలువు ముగిసిన రోమను సిపాయిల ఊళ్ళో, మన పొలాలు లాక్కుని ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ ఊళ్ళో, రోమను ఇల్లాలు ఒకతె ఉండేది. ఎనిక వెన్న తీసుకుపోతే వేలు పెట్టి వాసన చూసి, మొహం చిట్లించి, పక్కకు ఉమ్మి, మళ్ళీ ఆ వెన్నే తీసుకునేది. మనవాళ్ళు ఆ ఊరి మీద పడి, వాళ్ళ చచ్చిన చక్రవర్తికి కట్టిన గుడిని తగలబెట్టిన రోజున, పొగలోంచి ఈడ్చి పడేసినవాళ్ళలో ఆ మొహం కనపడింది. కనుబొమలు కాలిపోయి, పెదాలు పగిలి, ఆ మాటే అంటోంది, నీళ్ళు, నీళ్ళు. ఎనిక తిత్తి మూతి విప్పి, దాని కళ్ళ ముందు, సన్న ధార పట్టి మట్టిలో పోసింది. తొందర పడలేదు. అది పాకుతూ వచ్చి బురద నాకింది. ఎనికకు నవ్వాగలేదు. ఆ తరవాత ఆడవాళ్ళంతా కలిసి దాన్ని చేసింది పదిమందిలో చెప్పుకునేది కాదు, కానీ చేశారు, ఎనిక చేతులతోనే చేశారు. దాని వంటమనిషి మన పిల్లే, మన భాషే, మా అమ్మ ఫలానా అని ఊరి పేరు చెప్పుకుని ఏడ్చింది, దాన్నీ వదల్లేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంటారు, పడనీ, మంగలం అక్కడెందుకుంది. గోడ వెనక సైను వాంతి చేసుకుంటూ దొరికాడు. ఆమె లాగి చెంప మీద కొట్టింది, చేతికున్న నెత్తురు వాడి చెంపకు అంటుకుంది. కడుపులో పేగులు కూడా మీ నాన్నవేరా, అంది. దాహం వేస్తుంటే ఇదంతా గుర్తొస్తోంది, దాహానికి పాడు బుద్ధి.

పెద్ద కేక లేచింది. మనవాళ్ళు కదిలారు, మైదానం మైదానమే కదిలినట్టు, నేల అదిరి బండి పలకలు అరికాళ్ళ కింద వణికాయి. వెలోరిగ గిన్నె విసిరేసి లేచి నిలబడింది. ఆడవాళ్ళు పేర్లు అరుస్తున్నారు, కొడుకుల పేర్లు, మొగుళ్ళ పేర్లు, ఎనిక కూడా సైనూ అని అరిచింది, గొంతు చీరుకుపోయేలా. రోమనులు ఇంకా కదలరు. గుట్టల మధ్య చోటు ఇరుకు, ఇంత జనం అందులోకి ఒకేసారి దూరబోతున్నారు, సంతరోజున దొడ్డి తలుపు దగ్గర గొడ్ల మాదిరి. అప్పుడు అటువైపునుంచి ఈటెలు లేచాయి, ఒకసారి, మళ్ళీ ఒకసారి, ఎండలో తళుక్కుమని. ఆ తరవాత దుమ్ము. దుమ్ములో ఏం జరుగుతోందో బళ్ళ మీదనుంచి ఎవరికీ కనపడదు, చప్పుడు మాత్రం వస్తోంది, చెక్కను చెక్కతో కొట్టే చప్పుడు, ఒకే తూకంలో. మన యుద్ధాలు ఇలా వినపడవు. నవ్వు ఒక్కో బండి మీద ఆగిపోతూ వచ్చింది.

దుమ్ములోంచి ఒకడు బయటపడ్డాడు. ఒక్కడే. ఇటే పరుగెత్తుకు వస్తున్నాడు. మొహం కనపడకముందే ఎనిక పోల్చుకుంది, ఆ పరుగు తెలుసు, ఎడమ భుజం కొంచెం దిగి, తల ముందుకు పెట్టి, ఆ పరుగు నేర్పినవాడు తెలుసు. వద్దు, అనుకుంది. ఎవడైనా కానీ, వాడు వద్దు. అటూ ఇటూ బళ్ళ మీద తలలన్నీ ఆమెవైపు తిరిగాయి. చేతిలో ఈటె కూడా లేదు వాడికి. అందరికంటే ముందు. అన్ని వేలమందిలో మొట్టమొదట. నా కొడుకే దొరికాడా. ఆమె ముల్లుగర్ర అందుకుంది.

"అమ్మా, కట్లు కొయ్యి! బళ్ళు తియ్యండి, తియ్యండి! పెద్దాయన పంపాడు. లోపల చోటు లేదే, కత్తి ఎత్తడానికి కూడా లేదు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చస్తున్నారు. జనం వెనక్కి జరగాలి, దారి ఇవ్వమన్నాడు!"

"ఎవరు పంపారూ?"

"పెద్దాయన!"

"మీ నాన్ననీ పెద్దాయనే పంపాడురా."

"ఏమోనే, నిజమేనేమో..." అంది వెలోరిగ, చిన్న గొంతుతో.

"నువ్వు నోర్ముయ్యి. నా కడుపున పుట్టిన దరిద్రం నాకు తెలీదా."

వాడు వంగి ముడి పట్టుకున్నాడు, పొద్దున తానే మడత వేసిన ముడి. కత్తి ఇవ్వవే అమ్మా, త్వరగా, అంటున్నాడు, చెయ్యి చాపాడు. కత్తి ఆమె తొడ కింద ఉంది. నలుగురూ చూస్తున్నారు. ఇంటికి పోతే మళ్ళీ గుమ్మం దగ్గర ఇంకో గిన్నె, ఇంకో వీపు, ఇంకో దగ్గు. ఆమె ముల్లుగర్ర ఎత్తి వాడి చేతుల మీద కొట్టింది, మళ్ళీ కొట్టింది, రెండోసారి ముల్లు అరచేతిలో దిగి ఇరుక్కుంది, లాగితే వచ్చింది. వాడు తల ఎత్తి చూశాడు, జల్లు పడ్డ గిన్నెను అందుకుంటూ మతుగెన్ చూసేవాడే, ఆ చూపు. వెలోరిగ బండివైపు తిరిగాడు, వెలోరిగ తల దించుకుంది. ఆ పక్క బండి దగ్గరికి పోయి అదే మాట చెప్పాడు. ఎనిక చేసింది చూశారు కదా, వాళ్ళూ కర్రలు ఎత్తారు. కన్నతల్లి నమ్మనివాణ్ణి ఊరెందుకు నమ్ముతుంది. తిరిగి ఆమె చక్రం దగ్గరికే వచ్చి, బండికి వీపు ఆనించి, దుమ్ముకు ఎదురుగా నిలబడ్డాడు. ఇక్కడ నిలబడమన్నావుగా, నిలబడ్డాను, అన్నట్టు. అనలేదు, కానీ ఆమెకు అలాగే వినపడింది.

అప్పుడు దుమ్ములోంచి వీపులు వచ్చాయి. మొహాలు కాదు. పారిపోయేవాడి మొహం ఇటుంటుంది, వీళ్ళవన్నీ వీపులే, అటే చూస్తూ, అటే కొడుతూ, కొట్టడానికి చెయ్యి లేవక, తొక్కిసలాటలో అడుగులు వెనక్కి పడుతున్న వీపులు. వేలకు వేలు. ఎనిక ముల్లుగర్ర వదిలేసింది. పంపాడు. వీణ్ణి నిజంగా పంపాడు. దాని వెనకే ఇంకోటి వచ్చింది, ఇన్నేళ్ళూ బయటే నిలబడి ఇప్పుడు తోసుకొచ్చినట్టు. అప్పటి పెద్దాయన మతుగెన్‌నీ పంపాడేమో. అవతలి ఊరివాళ్ళు ఎవడూ రాలేదన్నారు, ఎవడూ పిలవలేదన్నారు, అంటారు మరి, పిలిచినా రాలేదని ఏ ఊరు ఒప్పుకుంటుంది. ఇంత చిన్న మాట. ఇంత చిన్న మాట నాకెందుకు తట్టలేదు. ఆమె కత్తి లాక్కుని బండి మీదనుంచి వంగి తోలు మీద పెట్టి కోసింది. కత్తి జారింది. కోసింది, జారింది. కొమ్ము, కొమ్ములా అయిపోయింది. పళ్ళతో కొరికింది, పన్ను కదిలింది. తడవాలి, తడిస్తే తప్ప వదలదు. నీళ్ళు, అని అరిచింది, ఎవరికైనా నీళ్ళున్నాయా, నీళ్ళు, నీళ్ళు. అరిచింది ఏ భాషలోనో ఆమెకే తెలియలేదు. తోలు మీద ఉమ్మబోయింది, నోట్లో తడి లేదు.

వీపులు వచ్చి బళ్ళకు తగిలాయి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆ గొయ్యి మీదే ఆమె కూర్చుని ఉంది. జనం సైనును చక్రానికేసి అదిమేశారు, వాడి తల ఆమె మోకాళ్ళకు అందేంత దగ్గర, జుట్టులో సున్నం వాసన. చెయ్యి పట్టి పైకి లాగబోయింది, జనం బరువు వదల్లేదు, వాడి చెయ్యి నెత్తుటి తడికి జారిపోయింది. ఎవరో ఎడ్ల మీద పడ్డారు, ఎడ్లు పడ్డాయి. ఇనప టోపీలు వరసగా, నిదానంగా వస్తున్నాయి, పొట్టి కత్తులు లోపలికీ బయటికీ, కోతల్లో కొడవళ్ళ మాదిరి, ఎవరి మీదా కోపం లేకుండా. సైనుకు తగిలినప్పుడు వాడి వెనక చక్రం ఒక్కసారి కదిలింది, అంతే. అమ్మా అనలేదు. ఆమె వింటూనే ఉంది, అంటాడని. వాడు అనలేదు.

వెలోరిగ బండి మీద వెలోరిగ లేదు. సిపాయిలు బళ్ళు ఎక్కుతున్నారు, ఆడవాళ్ళ అరుపులు ఆ చివరనుంచి ఒక్కోటి ఆగుతూ దగ్గరికొస్తున్నాయి. ఎనిక కిందికి దిగి, శవాల మీద మోకాళ్ళూని, ముడి పట్టుకుని కూర్చుంది. ఎంతసేపటినుంచి పీకుతోందో తెలియదు. గోళ్ళు లేచిపోయాయి. వాడి డొక్కలోంచి కారిన నెత్తురు చక్రం మీదుగా తోలు మీదికి కారుతూనే ఉంది, వెచ్చగా, తోలు తాగుతూనే ఉంది. ఆమె బొటనవేలి కింద ఏదో మెత్తబడింది. మతుగెన్ మడత. దాన్ని వెనక్కి తోసింది, అది జరిగింది. ఇంకోటి లాగింది, వచ్చింది. పేగులా, పొద్దున్న ఎలా ఉందో అలాగే, చేతుల్లోకి మొత్తం ఊడి వచ్చింది. బండి జానెడు పక్కకు కదిలింది. చక్రానికి ఆనుకున్న సైను ఆ సందులోకి మెల్లగా ఒరిగాడు, తల ముందుకు, ఎడమ భుజం కొంచెం దిగి.

"పో నాయనా," అంది ఎనిక, వాడి వీపు మీద చెయ్యి వేసి అవతలికి తోస్తూ. "మీ నాన్న పోయిన దారే. పో."